సుగ్గి అనే మాట

"అచ్చుకు ఇచ్చిన పుస్తకాన్ని ఎవురైనా ఎనక్కి తెప్పించుకుంటారా? నీకేమన్నా పిచ్చా?" అని చెన్నప్ప మూడోసారి అరిచాడు.

భార్య ఆంజినమ్మ శెనక్కాయలు ఒలుస్తోంది. కొడుకు అరిచేది కోడలి మీదే అయినా, తప్పు తనదేననిపించింది రామాంజినమ్మకు.

ఆంజినమ్మ అనంతపురం కాలేజీలో చరిత్ర చెబుతుంది. పదకొండేళ్లుగా సెలవు దొరికితే చాలు, బస్సెక్కి ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెలకు పోయేది. జొన్నా కొర్రా పోయి శెనక్కాయ ఎందుకొచ్చింది, ఓట్లప్పుడు రైతుకు ఎవరేం మాటిచ్చారు, కరువుకు ఎవరు ఊరొదిలారు, అన్నీ అడిగి రాసుకునేది. ఆడమనిషి ఒంటరిగా తిరుగుతోందని నవ్వినవాళ్లే తర్వాత మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఈ పుస్తకం అచ్చయితే కాలేజీలో పై ఉద్యోగం ఆమెదే.

"వలస పోయినారా?" అని నూరిళ్లలో అడిగింది. "మేమెందుకు పోతామమ్మా!" అన్నారందరూ. చిన్న రైతులు ఊరు కదల్లేదని ఒక అధ్యాయమే రాసేసింది.

నిన్న మాటల మధ్య రామాంజినమ్మ, "నేనూ మీ మామా ఏటేటా సుగ్గికి పోతాంటిమి" అంది. బళ్లారి దిక్కు కోతలకు కూలికి పోవడమే సుగ్గి.

"అది వలస కాదా అత్తా?"

"వలసంటే ఊరు ఇడిసిపెట్టి పోయేది. మేము ఉగాదికంతా ఇంట్లో ఉంటాంటిమి గదా!"

నూరిళ్లలోనూ ఇదే అర్థంతో లేదన్నారేమోనని ఆంజినమ్మ ఆ అధ్యాయం తీసి మళ్లీ చదువుకుంది.

ఇప్పుడు రామాంజినమ్మ ఉండబట్టలేక, "ఏమ్మే, నేను మతి లేక అన్నాననుకో. ఇడిసిపెట్టు" అంది.

"మతి లేంది నాకత్తా. పదకొండేండ్లలో సుగ్గికి పోయినారా అని ఒక్క మాట అడగకపోతిని."

"ఎవురికి తెలుస్తాది?" అన్నాడు చెన్నప్ప.

"నాకు తెలిసిపాయె గదా."

చదువుకున్నవాళ్లు తప్పు ఒప్పుకోరనే రామాంజినమ్మ ఇన్నాళ్లూ అనుకునేది. తనలాంటి కూలిమనిషి మాటకు ఇంత విలువిచ్చే మనిషి తన ఇంట్లోనే సంగటి కెలుకుతోందని తెలియక, ఆ కోడలికి ఉప్పెక్కువైందనీ కారం తక్కువైందనీ వంకలు పెడుతూ వచ్చింది.

మధ్యాహ్నం అందరూ కంచాల ముందు కూర్చున్నారు. ఆంజినమ్మ ఇద్దరు కూతుళ్లకూ సంగటి ముద్దలు పెట్టి, పప్పు వడ్డించి, మామూలుగా చెప్పింది.

"పుస్తకం ఆపమని ప్రెస్సుకు జాబు రాసినా. సోమవారం నుంచి జీతం లేని సెలవు. నూరిండ్లకూ మళ్లీ పోతాండా. అత్తను గూడా పిల్చుకపోతా. ఈసారి అడిగేది ఆమె, రాసేది నేను."