మరగబెట్టని నీళ్లు

నా మరదలు చమురు తినే పురుగుల్ని పెంచుతుంది. కంటికి కనిపించని సముద్రపు బాక్టీరియా. ఓడ నుంచి ముడి చమురు ఒలికితే అవి తినేస్తాయట. వాళ్లక్క, అంటే నా భార్య, పోయినప్పుడు వాటికి మేత వేసి, ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. తర్వాత తన ల్యాబులో నాకు సీసాలు కడిగే పని ఇప్పించింది. పని తీసుకున్నాను. ఆలస్యాన్ని మాత్రం క్షమించలేదు.

బల్ల మీద నల్ల గుడ్డ చుట్టిన రెండు గాజు జాడీలు. రెండింటిలోనూ సముద్రపు నీరు, పైన నల్లటి చమురు. మొదటి దాంట్లో ఆమె పురుగులు. రెండోది పోలిక కోసం పురుగులు వేయకుండా పెట్టిన ఉత్త జాడీ. రోజూ అడుగు కుళాయి నుంచి పరీక్షకు తీసినంత నీరు తిరిగి పోయడం నా పని. మొదటి దాంట్లో మరదలు సీసాలో పెట్టిన నీళ్లు, ఉత్త జాడీలో మాత్రం ఏ పురుగూ బతక్కుండా మరగబెట్టి చల్లార్చిన రేవు నీళ్లే పోయాలి.

ఆ రోజు పదకొండింటికి రేవు అధికారి వస్తాడు. మొదటి జాడీ తేటపడకపోతే ల్యాబుకు తాళం. ఇంకా పది నిమిషాలుందనగా మరదలు మూతలు తీసింది.

"బావా! నా జాడీలో చమురు అలాగే ఉంది. ఉత్త జాడీ అద్దంలా ఉందేంటి? నీళ్లు మరగబెట్టావా లేదా? నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఒట్టేసి అబద్ధమైనా చెప్తాను."

"బావా!"

"లేదు. మూడు వారాలుగా రేవులో ముంచి అలాగే పోస్తున్నాను. ఉత్త నీళ్లకు మళ్లీ వంటేమిటి?"

కొడుతుందనుకున్నాను. నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"విమానంలో తెప్పించిన నా మహారాణులు పస్తులుంటే, ఈ రేవు పురుగుల మొరటు మంద మొత్తం ఊడ్చేసింది! ఎక్కడ ముంచావు?"

"పడవలకు డీజిల్ పోసే మెట్ల దగ్గర. బకెట్టు అందేది అక్కడే."

"మరి రోజూ ఆ డీజిల్ తిని చమురుకు అలవాటు పడవూ!" అంటూ లేచి, నా రెండు చేతులూ పట్టుకుని బల్ల చుట్టూ గిర్రున తిప్పింది. అరవై రెండేళ్లవాణ్ణి. చెప్పు ఊడి తలుపుకు తగిలింది. అదే తలుపు తీసుకుని అధికారి వచ్చాడు.

"ల్యాబు ఇదేనా?" అన్నాడు, చెప్పు చూసి.

"ఇదేనండీ," అన్నాను. నాకూ నవ్వు ఆగలేదు.

మరదలు ఏదీ దాచలేదు. ఆయన రెండు జాడీలూ వాసన చూశాడు. "మళ్లీ చేసి చూపించండి. మూడు వారాలిస్తున్నాను," అన్నాడు.

ఆయన వెళ్లగానే బకెట్టు తీసుకుని రేవుకు పరుగెత్తాం.

"ఈసారి మరగబెట్టావంటే ఊరుకోను!" అంది. నీళ్లు ముంచుతూ, "అక్క ఉంటే ఎంత నవ్వేదో," అంది.

"నువ్వు ఒకరోజు ముందు రావాల్సింది."

బకెట్టుకు రెండోవైపు పట్టుకుంది. వదలమనలేదు నేను. క్షమించానని కాదు, బరువుగా ఉంది. రెండు మెట్లు ఎక్కేసరికి సగం మా కాళ్ల మీదే ఒలికింది. ఇద్దరికీ మళ్లీ నవ్వొచ్చింది.