స్వాతంత్ర్యం విన్న రేడియో
ఘానాలో మా హో పట్టణంలో మ్యూజియం పెడుతున్నారు. ఇంట్లో మూల పడున్న ప్రతి పాత రేడియో, టీవీ ఇప్పుడు చరిత్రట. ఏది ఏ కాలందో తేల్చే పని మా అమ్మాయి ఎదినం చేస్తోంది. ఆ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనని నాకు దిగులు. నిన్న దానికి తినడానికి కెంకే ముద్దలు, చేపలు పట్టుకెళ్లేసరికి, మ్యూజియానికి స్థలమిచ్చిన పెద్దమనిషి తోగ్బే కుమోర్జి ఒక రేడియోతో దర్జాగా కూర్చుని ఉన్నారు.

"యాభై ఏడులో మనకు స్వాతంత్ర్యం వచ్చిన కబురు మా నాన్న దీంట్లోనే విన్నాడు. అలాగే రాయమ్మా."

"తాతా, దీంట్లో క్యాసెట్ పెట్టే అర ఉంది. అప్పటికింకా క్యాసెట్లే రాలేదు."

"మా నాన్నకు ముందుచూపు ఎక్కువ," అన్నారాయన తొణక్కుండా.

"రాసెయ్యవే, నీదేం పోయింది," అని గొణిగాను. అది వినలేదు. 'డెబ్బైల నాటి క్యాసెట్ రేడియో. ఇచ్చినవారు తోగ్బే కుమోర్జి' అని అట్ట మీద రాసి ఆయన చేతికిచ్చింది. ఇక దీని ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నా పేరు ఇంకాస్త పెద్దక్షరాల్లో రాయి. మిగతాది ఎవడు చదువుతాడు?"

ఇలాంటి మనిషికా నేను వణికింది!