నెపోలియన్ గొంతులో ఎముక

బ్యూనస్ ఐరిస్‌లో, కబషీతో పేటలోని ఆ తొమ్మిదంతస్తుల మేడలో కుక్కలకు దగ్గు పట్టుకున్న రెండో వారానికల్లా దోషి ఎవరో పెద్దమనుషులందరూ తేల్చేశారు. దోషి పేరు న్యోకి. మేడకి కాపలాగా ఉండే సులేమా పెంచుకుంటున్న చారల కుక్క. జాతి కుక్క కాదు, కాగితాలు లేవు, ఒక చెవి సగమే ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సులేమా పదకొండేళ్ళుగా ఆ మేడ మెట్లు కడుగుతోంది. ఉద్యోగంతో పాటు హాలు వెనక ఒక గది ఇచ్చారు. నాలుగేళ్ళ కిందట ఒక ఇరవై తొమ్మిదో తారీఖున, ఊరంతా న్యోకీలనే బంగాళాదుంప ఉండలు వండుకు తినే రోజున, వానలో తడుస్తూ గుమ్మం దగ్గర దొరికాడు వాడు. అందుకే ఆ పేరు. ఆమెకి మొగుడు లేడు, పిల్లలు లేరు. పొద్దున్న కళ్ళు తెరిస్తే కనబడే మొహం వాడిదొక్కటే.

రోజూ తొమ్మిదింటికి లౌతారో అనే కుర్రాడు వచ్చి మేడలోని పన్నెండు కుక్కల తాళ్ళూ నడుముకి కట్టుకుని పార్కుకి తీసుకుపోతాడు. అక్కడ పన్నెండింటికీ ఒకటే స్టీలు బేసిన్, ఒకటే నీళ్ళు. న్యోకిని కూడా తీసుకెళ్ళమని సులేమా ఒకసారి అడిగింది, డబ్బులిస్తానంది కూడా. మూడో అంతస్తు ఎతెల్వీనా ఒంటికాలి మీద లేచింది. ఆవిడ మేడ సంఘానికి అధ్యక్షురాలు.

"మా నెపోలియన్ మూతి పెట్టిన బేసిన్‌లో ఈ వీధికుక్క మూతా? నీకేమైనా మతి పోయిందా సులేమా?"

దాంతో న్యోకి మధ్యాహ్నం పూట, సులేమాతో ఒంటరిగా, వీధి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చేవాడు. ముందు లిఫ్టు ఎక్కడం వాడికి నిషేధం. చెత్తబుట్టలు దిగే వెనక లిఫ్టే వాడిది.

జనవరిలో ఎతెల్వీనా కుటుంబం సముద్రపు ఒడ్డుకి వెళ్ళింది. నెపోలియన్‌ని పది రోజులు కుక్కల వసతి గృహంలో ఉంచారు. గోడలకి మేఘాల బొమ్మలు, పొద్దుటి పూట సంగీతం ఉన్న చోటది. తిరిగొచ్చిన నాలుగో రోజున నెపోలియన్ బాతులా కూత పెట్టి, వొంగి, కాస్త తెల్లటి నురగ కక్కాడు.

"కోడి ఎముక ఇరుక్కుంది" అని తేల్చింది ఎతెల్వీనా. నెపోలియన్‌కి కోడి మాంసం ఎముకలు తీసి, చల్లార్చి, వేళ్ళతో తినిపిస్తారు. అయినా ఎముకే. అది దిగడానికి ఎండు రొట్టె తినిపించి, మర్నాడు మామూలుగా లౌతారో వెంట పంపింది. మానిపిస్తే ఆ చోటు ఇంకో కుక్కకి పోతుందని భయం. లౌతారో తాడు కోసం పక్క మేడలవాళ్ళు నెలల తరబడి కాచుకున్నారు మరి.

వారం తిరిగేసరికి తొమ్మిది కుక్కల గొంతుల్లో ఎముకలు ఇరుక్కున్నాయి. ఏడో అంతస్తు ఆవిడ మాంసం ముట్టదు, కుక్కకి కూడా గుమ్మడికాయ ముక్కలే పెడుతుంది. దానికీ ఎముకే. ఇంటింటా రొట్టె తినిపించారు, ఇంటింటా గుట్టుగా ఉంచారు, పొద్దున్నే అందరూ తాళ్ళు లౌతారో చేతికిచ్చారు. ఇంత చదువుకున్నవాళ్ళకి ఇంత మొద్దుతనం ఎలా అబ్బుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఐదో అంతస్తు గల్వానీ గారి ముసలి కుక్క దుకేసాకి దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగి ఆస్పత్రిలో చేర్చారు. అప్పటికి గానీ ఎముక మాట ఆగలేదు. ఆగీ ఆగగానే దోషి కోసం వెతుకులాట మొదలైంది.

గురువారం సాయంత్రం హాల్లో సమావేశం. ఎతెల్వీనా ఒళ్ళో నెపోలియన్, పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. తేనీరులా తాగే మాతే ఆకు నింపిన సొరబుర్రలో నీళ్ళు పోసి అందిస్తోంది. ఒక బుర్ర, ఒక వెండి గొట్టం. ఒకరు పీల్చి ఇస్తే ఇంకొకరు పీలుస్తున్నారు. గొట్టం తుడవడమంటే పక్కవాణ్ణి అవమానించడమే. సులేమా గుమ్మం దగ్గర న్యోకి తాడు పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళలో ఆ బుర్ర ఒక్కసారి కూడా ఆమె దాకా రాలేదు.

"తీర్మానం చదువుతున్నా" అని ఎతెల్వీనా దగ్గి, గొట్టం ఒకసారి పీల్చి, మళ్ళీ దగ్గింది. "ఈ దగ్గు జబ్బున్న ఏ కుక్కయినా పద్నాలుగు రోజులు మేడ గుమ్మం లోపలికి రాకూడదు."

న్యోకి పేరు రాయలేదు. పేరు రాస్తే కోర్టుకెక్కొచ్చని రెండో అంతస్తు వకీలు సలహా. ఎవరి గురించో అందరికీ తెలుసు. చేతులన్నీ లేచాయి.

సులేమా న్యోకిని దగ్గరికి లాక్కుంది. పద్నాలుగు రోజులు వాణ్ణి ఎక్కడ పెట్టాలి? వీధిలో కట్టేస్తే పట్టుకుపోతారు. ఎవరికైనా ఇస్తే తిరిగి ఇవ్వరు.

"వాడు దగ్గట్లేదండీ" అంది.

"బయటికి దగ్గడమ్మా. లోపల పెట్టుకుని అందరికీ అంటిస్తాడు" అన్నాడు వకీలు.

అప్పుడొచ్చింది పశువుల డాక్టరు ఇరియార్తే. గల్వానీ గారే పిలిపించారు. ఆవిడ ముందు న్యోకి దగ్గర కూర్చుని, గొంతు కింద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. వాడు ఆవిడ చెయ్యి నాకాడు. చేతులు కడుక్కొచ్చి నెపోలియన్ గొంతు మీద వేలు పెట్టిందో లేదో, హాలంతా బాతు కూత మోగింది.

"ఎముకండీ" అంది ఎతెల్వీనా.

"ఎముక కాదు. గాలిలో అంటుకునే దగ్గు. కుక్కలు గుంపుగా ఉన్నచోట ఒకటి దగ్గితే పక్కదానికి, ఒకే బేసిన్‌లో తాగితే అన్నిటికీ. అంటుకున్నాక మూడు నుంచి పది రోజుల్లో బయటపడుతుంది. గట్టి కుక్కలకి దానంతటదే తగ్గుతుంది. ముసలివాటికీ పిల్లలకీ ప్రాణం మీదికొస్తుంది. ఇంతకీ మొదట దగ్గింది ఎవరు? దగ్గే ముందు ఎక్కడికెళ్ళొచ్చింది?"

మేఘాల బొమ్మల వసతి గృహం అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

"ఇతని సంగతేంటి? ఈ గుంపుతో తిరిగాడా?" అని న్యోకిని చూపించింది డాక్టరు.

"లేదండీ. వీళ్ళే కలవనివ్వలేదు" అంది సులేమా.

గల్వానీ గారు కళ్ళజోడు పెట్టుకుని, తీర్మానం మళ్ళీ పైకి చదివారు. దగ్గు జబ్బున్న ఏ కుక్కయినా. ఎతెల్వీనా మొహం మాడిపోయింది.

"బయటికి గెంటక్కర్లేదండీ" అంది డాక్టరు. "ఎవరింట్లో వాళ్ళు పద్నాలుగు రోజులు విడిగా ఉంచండి. దగ్గని మూడింటినీ అలాగే ఉంచండి, జబ్బు లోపల ఉండొచ్చు. మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ వెయ్యండి. ముందు లిఫ్టు, హాలు వద్దు, వెనక లిఫ్టులో ఒక్కొక్కటే దిగాలి. తిండి మానేసినా ఆయాసపడినా వెంటనే నా దగ్గరికి తీసుకురండి. తగ్గాక టీకా వేయించండి."

తీర్మానం అక్కడికక్కడే అలా మార్చి రాశారు. అమలు చేసే పని, ఎప్పటిలాగే, సులేమాదే.

హాలు ఖాళీ అయ్యాక ఎతెల్వీనా ఆగింది. బుర్రలో కొత్తగా నీళ్ళు పోసి, గొట్టం ఒకసారి పీల్చి, దగ్గి, సులేమాకి చాచింది.

"తీసుకో అమ్మాయ్. నువ్వు మాత్రం పరాయిదానివా? వెనక లిఫ్టులో చెత్త కంపు. నెపోలియన్ తట్టుకోలేడు. పొద్దున్నే ఎవరూ లేవకుండానే ముందు లిఫ్టులో దింపుకుంటా, చూసీ చూడనట్టు ఉంటావుగా?"

సులేమా ఆ బుర్ర కేసి చూసింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన బుర్ర. నోరూరిన మాట నిజం, కళ్ళు చెమర్చిన మాటా నిజం. చెయ్యి సగం దాకా లేచింది కూడా. అంతలో ఎతెల్వీనా మళ్ళీ దగ్గింది.

"పద్నాలుగు రోజులయ్యాక ఇవ్వండి సెన్యోరా, తప్పకుండా తాగుతా" అంది సులేమా చెయ్యి దింపేసి. "వెనక లిఫ్టు ఏడింటికి కడిగి ఉంచుతాను. కంపు రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. మావాడికి అయింది."

ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళాలి. న్యోకి అలవాటుగా వెనక లిఫ్టు వైపు లాగాడు. సులేమా తాడు బిగించి వాణ్ణి ఇటు తిప్పి, ముందు లిఫ్టు తలుపు తీసింది. వాడు అద్దంలో తనని తాను చూసుకుని ఒకసారి మొరిగాడు. ఆ తర్వాత తొమ్మిదో అంతస్తు దాకా తోక ఊపుతూనే ఉన్నాడు.