తెర మీద మూలగడి

ఆ ఆఫీసులో గోడలన్నీ అద్దాలే. "ఇక్కడ గోడలకి చెవులే కాదు, కళ్ళు కూడా ఉన్నాయి" అంది సైన్సు టీచరమ్మ.

"ఊరుకో చెల్లెమ్మా. మనల్ని పిలిచింది సలహాలకి, సతాయింపులకి కాదు" అన్నాడు పక్కనున్న లెక్కల మాస్టారు.

ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు రాసుకునే చర్చను అదుపులో పెట్టడానికి ఆ కంపెనీ ఒక పరికరం తయారుచేస్తోంది. పాఠానికి సంబంధం లేని మాట కనబడితే చాలు, దాన్ని మాయం చేసేస్తుంది. కొన్నాళ్ళు వాడి చూసిన టీచర్లను బాగోగులు చెప్పమని పిలిచారు.

టీచరమ్మ మనసులో ఉన్నది ఒకే ఒక్క పిల్ల. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నంత జాగ్రత్తగా మూసుకు కూర్చునే రకం. ఆకులు ఎండలో ఆహారం తయారుచేసుకునే పాఠం నడుస్తుండగా మొట్టమొదటిసారి రాసింది: "చెట్టుకి తన నీడ చల్లగా ఉంటుందా?" టీచరమ్మ చదివి, మురిసిపోయి, జవాబు రాయబోయేలోగా అది కాస్తా మాయం. పిల్ల మళ్ళీ ఒక్క అక్షరం రాస్తే ఒట్టు.

"ఆ పిల్ల మళ్ళీ అడగాలి నాయనా. నాకు కావలసింది అంతే" అంది, ఎదురుగా కూర్చున్న కంపెనీ ఇంజనీరుతో.

"వదిలేస్తే చర్చంతా రచ్చ అవుతుంది కదా మేడమ్?" అన్నాడు ఇంజనీరు.

"వదలొద్దు. తీసెయ్యొద్దు కూడా. క్లాసులో మేమేం చేస్తామో చూడు." సంచిలోంచి మార్కర్ తీసి, ఎదురుగా తెల్లగా మెరుస్తున్న బోర్డు పైమూలన గడి గీసి, పిల్ల ప్రశ్నను అందులో రాసేసింది. "దారి తప్పిన ప్రశ్నకి ఇదీ ఇల్లు. పాఠం తుడిచినా దీన్ని తుడవం. శనివారం ఆఖరి పీరియడ్ అంతా ఈ గడిదే."

ఇంజనీరు ముఖం బోర్డుకన్నా తెల్లబడింది. "మేడమ్... అది బోర్డు కాదు. టీవీ."

కొంగుతో రుద్దింది. పోలేదు. అది చార్టుల మీద రాసే మార్కరు.

"నువ్వెక్కడికెళ్ళినా చెరగని ముద్ర వేస్తావమ్మా!" అన్నాడు మాస్టారు.

అంతలో ఇంజనీరు పై అధికారి వచ్చి కూర్చుంది. తెర మీద ఏ బొమ్మ మారినా మూలగడి మాత్రం కదల్లేదు. ఆవిడ అన్నీ శ్రద్ధగా విని, చివర్లో గడివైపు వేలు చూపించింది. "ఇంతకీ ఉంటుందా?"

"ఏది మేడమ్?"

"చల్లగా."

ఇంజనీరు గడినీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. గడి వల్ల అధికారి పనీ ఆగలేదు, గడిలో ప్రశ్నా పోలేదు. "సరే. తీసేసే మీట తీసేస్తాను. మూలకి జరిపే మీట పెడతాను. ఏది జరపాలో పరికరం చూసుకుంటుంది."

"అది చెయ్యెత్తి చూపిస్తే చాలు. జరపాలో వద్దో మేం చూసుకుంటాం" అంది టీచరమ్మ.

మీట మారిన తొలిరోజు టీచరమ్మ పేరు చెప్పకుండా పాత ప్రశ్నను మూలగడిలో పెట్టి, ఎప్పటిలాగే పాఠం మొదలుపెట్టింది. కాసేపటికి చర్చలో ఒక జవాబు వచ్చింది.

"టీచర్, అది నాదే. మా వాకిట్లో చెట్టుని ఎండలో పట్టుకు చూశాను. కింది ఆకులు చల్లగా ఉన్నాయి. పై ఆకులు వేడిగా ఉన్నాయి. మరి నీడ ఇచ్చే ఆకులకి నీడ ఎవరిస్తారు?"

పరికరం బుద్ధిగా చెయ్యెత్తింది: 'మూలకి జరపాలా?'

టీచరమ్మ వద్దని నొక్కి, పాఠాన్ని మూలకి జరిపింది.