పన్నెండు డబ్బీలు

ఏడో డబ్బీలో ముంచిన పట్టీ కూడా ఆకుపచ్చగా తిరిగింది.

ఊర్మిళ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. పసుపుగా ఉంటే మూత్రపిండం బాగున్నట్టు, ఆకుపచ్చబడితే దాన్నుంచి ప్రోటీన్ కారుతున్నట్టు. పొద్దున్న ఆరింటినుంచి నలభై గడపలు తొక్కితే మూత్రం పోసిచ్చిన డబ్బీలు పన్నెండే వచ్చాయి. వేసవి సెలవులకు మూసేసిన బడి వరండాలో కూలబడి పరీక్షలు మొదలుపెట్టేసరికి పదకొండయింది. ఉద్దానంలో ఆశా కార్యకర్తగా ఆమెకు ఇది మూడో కిడ్నీ జబ్బు లెక్క. ప్రతిసారీ జీపులో ఎవరో వస్తారు, రక్తం తీసుకుపోతారు, ఎన్ని ఇళ్లకు ఎంతమందో రాసుకుంటారు. మళ్లీ ఈ దారి తొక్కరు. జవాబు కోసం జనం ఊర్మిళ గుమ్మం ముందుకొస్తారు.

ఎనిమిది, తొమ్మిది, పది. పన్నెండూ పచ్చబడ్డాయి. పన్నెండూ జీడిబట్టీలో పప్పు ఒలిచే ఆడవాళ్లవే. ఎంత పాడు ఊరైనా పన్నెండుమందికీ ఒకేలా రావడమేమిటి? పట్టీలు చెడిపోయాయేమోనని కుళాయి నీళ్లలో ఒకటి ముంచింది. పసుపుగానే ఉంది. తన డబ్బీలోనూ అంతే. అప్పుడు ఆమెకు విషయం అర్థమై ఒళ్లు మండింది.

పన్నెండు గంటలకు బట్టీ భోజనాల గంట కొట్టారు. క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్లు వరండా నీడకే వచ్చారు. జీడినూనెకు నల్లబడిన చేతులు కడుక్కుంటుంటే ఊర్మిళ అడిగేసింది.

"పోలమ్మొదినా, నిజం సెప్పు. ఈ డబ్బీల్లో ఉన్నది ఎవులిది?"

"ఎవులిది ఆలదే. ఏటమ్మీ, అలగ గుడ్లురుముతున్నావు?"

"పన్నెండూ ఒక్క రంగేటి మరి?"

పోలమ్మ పక్కవాళ్ల వంక చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇక దాచి లాభం లేదని పోలమ్మే చెప్పేసింది. "అన్నీ గున్నమ్మప్పవే. మాది పోస్తే ఏటి బయటపడతాదో అనీసి బయ్యం. అందరికీ సాలాలని తెల్లారగట్ల రెండు సెంబులు నీల్లు తాగినాది, పాపం. దీనికేటి రోగం! ఎనబై కేజీల బస్తా నెత్తినెట్టుకుంటాది."

నవ్వులు పెద్దవయ్యాయి. గోడకు చేరబడి చల్దన్నం కలుపుకుంటున్న గున్నమ్మ కూడా నవ్వింది. నలభై అయిదేళ్ల మనిషి, జ్వరమని ఒక్కరోజు పని మాని ఎరగదు. మొగుణ్ణి ఇదే జబ్బుకు మూడేళ్లు బస్సుల్లో తిప్పి తిప్పి పోగొట్టుకుంది. ఆ ఇంటి వంతు దాంతో తీరిపోయిందని ఊరంతా అనుకుంది. ఆమె కూడా అదే అనుకుంది.

ఊర్మిళ మాత్రం నవ్వలేదు. చేతిలో ఉన్న పట్టీ వైపు చూస్తూ, "అత్తా, ఇవన్నీ నీవేనా?" అంది.

"నావే. ఏటి?"

"పచ్చబడ్డాయి."

అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది. గున్నమ్మ తన కాళ్ల వైపు, చీలమండల దగ్గర పొద్దుటినుంచీ బిగుతుగా ఉన్న కడియాల వైపు చూసుకుంది.

"నాకేనేటి?" అంది చివరికి, ఇంకెవరి గురించో అడిగినట్టు.

"రగతం తీస్తే గాని తెలీదత్తా. జీపు మూడింటికొస్తాది."

పోలమ్మ ఊర్మిళ చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, నీ కాల్లట్టుకుంటాను. అన్నీ పారబోసీసి, అందరికీ బాగున్నాదని రాసీ. నువ్వు పోయినేడు రాసిన అయిదుగుర్నీ ఏటి సేసినారో మరిసిపోనావా? జబ్బు మనుసులు బట్టీలో పడిపోతే తన పీకకి సుట్టుకుంటాదని మర్నాడే మానిపించీసినాడు షావుకారు."

ఆ మాట ఊర్మిళకు ముల్లులా దిగింది. నిరుడు ఆ జాబితా షావుకారు చేతికి వెళ్లింది తనవల్లనే. మందులకు సాయం చేస్తామని గుమస్తా అడిగితే, మంచిమాటే కదా అని తన చేత్తో నకలు రాసిచ్చింది. సాయం రాలేదు, అయిదుగురి పనీ పోయింది. ఇది ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అందరి ముందూ చెప్పేసింది. పోలమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.

వాళ్లలా ఉండగానే గుమస్తా జనార్దనం బండి వచ్చి ఆగింది.

"ఊర్మిలమ్మా, లెక్క అయిపోయిందా? ఒక కాపీ రాసీ, షావుకారుగారు అడిగినారు."

పన్నెండుమందీ ఊర్మిళ వంకే చూస్తున్నారు. ఆమె రిజిస్టరు మూసి దాని మీద చెయ్యి పెట్టింది.

"ఇవ్వను."

"పోయినేడు ఇచ్చినావు కాదేటి?"

"బుద్ది గడ్డి తిని ఇచ్చినాను. ఇది ఆల రోగం బావూ, షావుకారు సరుకు కాదు."

"మీ ఆయన కొబ్బరికాయలు మా లారీలోనే ఎల్తన్నాయి. గుర్తెట్టుకో," అని జనార్దనం బండి తిప్పుకుని పోయాడు.

గున్నమ్మ సగం తిన్న క్యారేజీ మూతపెట్టి లేచింది. డబ్బీలు ఒక్కొక్కటే కాలవలో ఒంపేసి, కుళాయి కింద కడిగి, వరండా గట్టు మీద బోర్లించింది. పన్నెండోది, తనది, అలాగే ఊర్మిళ ముందు పెట్టింది.

"నాదుంచు. పచ్చ అని రాయి," అని మిగతావాళ్ల వైపు తిరిగింది. "మీకు మంచి సేస్తన్నాననుకున్నాను. ఆ షావుకారు పనిలోకి రావద్దంటే ముందు నాను మానుతాను. మీయి మీరు పోసి తెండి."

బట్టీలో ఒంటిగంట గంట కొట్టారు. ఇద్దరు లేచి, చీరలు దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా బట్టీ దారి పట్టారు. వాళ్లనేమనగలరు? ఇంట్లో పొయ్యి వెలగాలి.

పోలమ్మ చాలాసేపు ఆ దారివంకే చూసింది. తరవాత గట్టు మీదినుంచి ఒక డబ్బీ తీసి, కొంగుతో తుడిచి, ఊర్మిళ ముందుకు చాపింది.

"నా పేరు దీని మీద పెద్దగ రాయి," అంది. "మల్లీ ఎవులిదని అడక్కుండా."

ఊర్మిళ పెన్ను తీసింది. గట్టు మీద ఇంకా పది డబ్బీలు ఆరుతున్నాయి.