తలుపు లేని తరగతి

ఆదివారం పొద్దున అతను మంచం మీద బోర్లా పడుకుని, గడ్డం కింద రెండు దిళ్ళూ పెట్టుకుని, తన భార్య కత్తిరించిన పాఠాలు చూస్తున్నాడు. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. వారమంతా కళ్ళద్దాల షాపులో జనం చూపు పరీక్ష చేసేవాడు సెలవు రోజున నర్సింగు పాఠాలు చూడటమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. ప్రతి పాఠం చివరా తెర మీద ‘కూర్పు’ అన్న మాట, దాని పక్కన ఆమె పేరు పడతాయి. అది పడగానే అతను ఈల వేస్తాడు. ఆ ఈల వినడానికే ఆమె సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతూ వంటగది గుమ్మం దగ్గర నిలబడుతుంది.

ఆమె ఉద్యోగం విశ్వవిద్యాలయంలో. అక్కడ తరగతుల్లో చెప్పే పాఠాలన్నీ వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారు. గంట పాఠం ఫోన్లో ఎవరూ చూడరు కాబట్టి దాన్ని పది పది నిమిషాల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకీ ముందు ఒక బొమ్మ అతికించడం ఆమె పని. పెళ్ళిచూపుల్లో ఉద్యోగం గురించి అడిగితే, “మేం ఎవర్నీ పేరు అడగం, ఫోన్ నంబరు అడగం, డబ్బులడగం. తలుపు బార్లా తీసి పెట్టేశాం, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు” అంది. ఆ మాటకే పడిపోయానని అతను ఇప్పటికీ చెబుతుంటాడు.

“ఎడిటర్ గారూ, ఒకసారి ఇలా రండి. పాఠం చెప్పే మీ నర్సింగు మేడం నన్ను ఫెయిల్ చేసేసింది.”

“నిన్ను పాస్ చేసిందెవరు అసలు?” అంటూ ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, మంచం అంచున, అతని కాళ్ళ మీద సగం కూర్చుంది.

అతను కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో లెక్క చేశాడు. “చూడు. పది కిలోల పిల్లాడు. కిలోకి అర మిల్లీగ్రాము చొప్పున ఐదు మిల్లీగ్రాముల మందు. సీసాలో ఒక్కో మిల్లీలీటరుకీ పది మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే సూదిలోకి అర మిల్లీలీటరు తీయాలి. మేడం ఐదు అని గడి కట్టింది. నాకంటే పది రెట్లు!”

ఆమెకి నవ్వొచ్చింది. “అది మేడం అలవాటు బాబూ. ముందు కావాలనే తప్పు రాస్తుంది. పిల్లలు బుర్రలు పట్టుకుని చూస్తూ ఉంటారు. ఎవరో ఒకరు కెవ్వుమంటారు. అప్పుడు దిద్దుతుంది. దిద్దేదాకా ఒక్కర్ని కూడా బయటికి పోనివ్వదు, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటుంది. భలే ఉంటుందిలే, చూడు.”

“చూశా. అయిపోయింది.”

“ఏది అయిపోయింది?”

“ముక్క. ‘బాగా చూడండి, మర్చిపోకండి’ అంది, నీ పేరు పడింది. ఈల కూడా వేశాను, వినలేదా?”

ఆమె ఫోన్ లాక్కుంది. తెర మీద నల్లబల్ల, దాని మీద మేడం ముత్యాల్లాంటి దస్తూరి, చుట్టూ గడి కట్టిన ఐదు. దిద్దుబాటు తర్వాతి ముక్క మొదట్లో ఉంది. కోసింది తనే. సరిగ్గా పది నిమిషాలయిందని, చేయి తిరిగిన దర్జీలా కసక్కున కోసేసింది. అంతటితో ఊరుకుందా? సుద్దముక్క రాత అంత అందంగా ఉందని, పైన మందు పేరూ, పిల్లాడి బరువూ పడేలా ఆ గడినే ఏరి తీసి ముక్కకి ముందు బొమ్మగా పెట్టింది. వీడియో తెరవకపోయినా తప్పు లెక్క కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

“ఏం కాదులే, ఇంటర్నెట్‌లో వీడియో చూసి మందులెవరిస్తారు?” అన్నాడు అతను. కానీ ఆమె మొహం చూసి లేచి కూర్చున్నాడు.

వీడియో కింద ఒకే ఒక్క అభిప్రాయం ఉంది. ఆ ఉదయమే ఎవరో రాశారు. పేరు ‘వార్డు సిస్టర్’ అని, ఫొటో ఉండాల్సిన చోట ఒక పసుపు పువ్వు.

‘మేడం గారికి నమస్కారం. మా పిల్లల వార్డులో ఈ మందు దగ్గర అందరం తడబడతాం. ఈ బొమ్మ పెద్దగా ప్రింటు తీయించి మందుల బల్ల పైన అంటించాం. ఇక లెక్క కట్టే పని లేదు. మీకు రుణపడి ఉంటాం.’

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. అది గుండె వేగాన్ని అదుపు చేసే మందు. ఎక్కువైతే గుండె ఆగిపోతుందని మేడం పాఠం మొదట్లోనే చెప్పింది. అంత ముఖ్యమైన మాట కాబట్టి, అక్కడ మాత్రం తను ఒక్క క్షణం కూడా కోయకుండా ఉంచింది.

వీడియోల విభాగం ఇన్‌చార్జి గారికి ఫోన్ చేసింది. ఆయన విని, “అయ్యయ్యో” అని, మరుక్షణమే గొంతు తగ్గించి, “తీసెయ్యమ్మా. ఎవరి కంటా పడకముందే ఆ పేజీ మొత్తం తీసెయ్” అన్నాడు.

“తీసేస్తే ఆవిడకి ఎలా తెలుస్తుంది సార్? ఆవిడ రాసింది కూడా పోతుంది. ఆవిడెవరో, ఏ ఊరో, ఏ దేశమో మనకి తెలీదు. ఆ పేజీ ఒక్కటే దారి.”

“నువ్వు కొత్త పెళ్ళికూతురివి. ఇలాంటివి నెత్తిన వేసుకోకు. మాట పడేది మనందరం.”

“పిల్లాడి ప్రాణం సార్.”

అవతల ఆయన పెద్దగా ఊపిరి తీశాడు. “సరే, సాయంత్రం దాకా ఉంచు. కానీ ఆ దరిద్రపు బొమ్మ మార్చు తల్లీ” అని పెట్టేశాడు.

తొందరలో ఆమెకి అక్షరాలు తప్పు పడుతున్నాయి. అతను పక్కనుంచి ఒక్కో అక్షరం చెబుతుంటే, రెండు ముక్కల్నీ ఒకటి చేసింది. గడి బొమ్మ తీసేసి ఎర్ర అక్షరాలతో ‘ఐదు తప్పు. అర మిల్లీలీటరు మాత్రమే’ అని పెట్టింది. వార్డు సిస్టర్ రాసిన దాని కింద, ‘అమ్మా, ఆ ప్రింటు వెంటనే చింపేయండి, అది తప్పు, నాకు ఫోన్ చేయండి’ అని తన నంబరు రాసింది. ఊరూ పేరూ తెలియని లోకమంతా చూసే చోట సొంత నంబరు పెడుతున్నానన్న ఆలోచనే రాలేదు.

తర్వాత మేడంకి చేసింది. జరిగిందంతా చెప్పింది.

“తిట్టండి మేడం” అంది ఆమె.

“నిన్నా? ఏం తిట్టను? మొదట తప్పు రాసేది వాళ్ళకి భయం పుట్టాలనమ్మా. ఆ అంకె చూసి ఒళ్ళు జలదరించాలి. అది జరిగేదాకా తలుపు వేసి ఉంచుతాను. మీవాళ్ళు వీడియో తీయడానికి వచ్చినప్పుడు ఈ తరగతికి తలుపు లేదని నాకు తట్టి ఉండాలి.” వెంటనే ఆవిడే తొందరపెట్టింది. “ఫోన్ ఖాళీగా ఉంచు. ఆవిడ చేస్తుంది.”

ఫోన్ మంచం మధ్యలో పెట్టి ఇద్దరూ చెరో పక్కా కూర్చున్నారు. పసుపు పువ్వు వెనక ఒక మనిషి ఉంది. ఆ మనిషి డ్యూటీలో ఉందో, ఫోన్ అల్మారాలో పడేసి వార్డులో తిరుగుతోందో. పువ్వు కాకుండా ఆసుపత్రి గేటు ఫొటో పెట్టి ఉంటే ఆమె సొమ్మేం పోయేది! పక్కింట్లో ఏదో గిన్నె కింద పడితే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. వేరే రోజైతే దానికి కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు.

“నేను లెక్క చేయకుండా ఉంటే?” అన్నాడు అతను.

“అనకు.”

“ఊరికే అంటున్నా.”

“ఊరికే కూడా అనకు.”

ఎండ కిటికీ దాటి దుప్పటి మీదికి పాకుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“ఎవరండీ? తప్పు అంటారేంటి? యూనివర్సిటీ వాళ్ళు పెట్టిందే కదా?” ఆడగొంతు, విసుగ్గా ఉంది. వెనక పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

“సిస్టర్, నేను యూనివర్సిటీ నుంచే. ఐదు కాదు. అర. సున్నా, చుక్క, ఐదు. నా వల్లే పొరపాటు జరిగింది. ఎవరికైనా ఇచ్చారా?”

అటునుంచి చెప్పుల చప్పుడు మొదలైంది. నడక పరుగయింది. తలుపు ఒకటి గోడకి కొట్టుకుంది. “ఒసేయ్, ఆగు! ఆగమంటున్నానా! ఆ సూది కింద పెట్టు!” అన్న కేక ఫోన్లోంచి గది అంతా మోగింది. ఇంకెవరో “ఏంటక్కా, పిల్లాడు హడలిపోతాడు” అన్నారు. తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. ఆమె అతని చేయి పట్టుకుంది. గోళ్ళు దిగబడుతున్నా అతను చేయి తీసుకోలేదు.

కాగితం చిరిగిన శబ్దం వచ్చింది.

“ఇవ్వలేదు” అంది సిస్టర్, రొప్పుతూ. “సూదిలోకి ఎక్కించింది గానీ ఇవ్వలేదు. పిల్లాడు చేయి చాపనని పేచీ పెట్టాడట. బంగారు తండ్రి.” నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. “ఏమ్మా, నీకు బుద్ధుందా? గుండెకి వేసే మందుతో ఆటలా మీకు?”

“లేదు సిస్టర్. బుద్ధి లేదు.”

“పెళ్ళయిందా?”

“అయింది.”

“రేపు నీ పిల్లల్ని ఇలాంటి వార్డుకే తెస్తావు. గుర్తుంచుకో.” అంతలోనే ఆవిడ గొంతు మారిపోయింది. “అయ్యో. ఉండు. ఈ బొమ్మ మా నర్సులందరికీ పంపాను. అన్ని ఊళ్ళ వాళ్ళూ ఉంటారు ఆ గ్రూపులో. వాళ్ళు ఇంకెవరికి పంపారో! నువ్వు పెట్టు, పెట్టు ఫోన్.”

అప్పటిదాకా ఆమె భయం ఒక పేజీ మీద, ఒక గోడ మీద ఉండేది. ఇప్పుడు అది ఎక్కడెక్కడ ఉందో చెప్పడానికి వీల్లేకుండా పోయింది. వీడియో మార్చవచ్చు. బొమ్మ పాఠాన్ని వదిలేసి ఒంటరిగా బయలుదేరింది, దాని వెనక మేడం లేదు, తర్వాతి ముక్క లేదు.

అతనే ముందు తేరుకున్నాడు. “బొమ్మ వెనక బొమ్మనే పంపాలి” అన్నాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని అదే గడి తీసుకుంది. ఐదు మీద అడ్డంగా, అందం చందం లేకుండా లావుపాటి ఎర్ర గీత కొట్టింది. పక్కన సరైన అంకె వేసింది. దూరం నుంచి కూడా కనబడాలని అతను గది ఆ చివర నిలబడి, షాపులో జనం చేత చదివించినట్టు తనే పైకి చదివాడు. “చుక్క కనిపించట్లేదు. పెద్దది చెయ్యి. ఇంకా పెద్దది.” చుక్క శనగగింజంత అయ్యాక సరేనన్నాడు. అది సిస్టర్‌కి పంపారు, మేడంకి పంపారు, ‘పాత బొమ్మ ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఇది పంపండి’ అని కింద రాశారు. సిస్టర్ నుంచి ఒక్కో ఊరి పేరూ వస్తోంది, పక్కన ‘చింపేశారు’ అని. ఒక చోట నుంచి జవాబు రాలేదని కూడా వచ్చింది. కాసేపటికి, ఆ చోట ఆ మందే లేదట అని వచ్చింది.

ఇద్దరూ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. అతను స్టవ్ దగ్గరికి వెళ్ళబోతుండగా ఫోన్ టింగుమంది.

పంపింది ఆమె పిన్ని కూతురు. ఎక్కడో దూరాన నర్సింగు చివరి సంవత్సరం చదువుతోంది.

‘అక్కా, ఇది మీ ఆఫీసు వాళ్ళదేగా? మా ఫ్రెండు పంపింది. రైటింగ్ ఎంత ముద్దొస్తోందో!’

కింద బొమ్మ. ఎర్ర గీత లేదు. గడిలో ఐదు ఒక్కటే, నిండుగా, ముత్యంలా.

ఆమె నంబరు నొక్కింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. అతను అగ్గిపెట్టె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

“హలో అక్కా! బావ బాగున్నారా?”

“ఎక్కడున్నావ్? క్లాసులోనా, వార్డులోనా?”

“వార్డులో. ఏంటి, అలా ఉంది గొంతు?”

“చేతిలో ఏముంది?”

“చేతిలోనా? దువ్వెన. ఇప్పుడే డ్యూటీకి వచ్చా, జడ వేసుకుంటున్నా. అక్కా, ఏడుస్తున్నావా? బావ ఏమైనా అన్నారా? చెప్పు, నేను మాట్లాడతా.”

“దువ్వెన కింద పెట్టు. పెన్ను తియ్. ఆ బొమ్మ తప్పు, అది చూసి ఎవర్నీ ఏ మందూ తీయనివ్వకు, ముందు నేను చెప్పింది రాసుకో. సున్నా.”

“సున్నా.”

“పక్కన చుక్క. పెట్టావా? పెద్దగా పెట్టు.”

“పెట్టానక్కా, నువ్వు భయపెడుతున్నావ్.”

“భయపడు. ఇప్పుడు ఐదు వెయ్. వేశాక అంతా నాకు చదివి వినిపించు.”