తమట మోగని చావులు

గుండూరావు బిడ్డను ముట్టుకోకుండా టీకా వేస్తున్నాడు. అది సర్కారు నేర్పిన విద్య కాదు. ముప్పై ఏళ్ళు జీతం తింటూ ఆయన సొంతంగా సాధించుకున్నది. ఊరికి ఎడంగా ఉన్న అంటరానివాళ్ళ గేరి మొదట, దారి పక్కనే చప్పటా బండ ఒకటుంది. తల్లి బిడ్డను ఒడిలో అదిమి, దాని చేతిని బండ మీద ఆనించి గట్టిగా పట్టుకోవాలి. ఆయన గాజు గొట్టంలోంచి మందు చుక్కను పైనుంచే వదిలి, సూది మొన ఆనించి చిటుక్కున తిప్పుతాడు. బిడ్డ కేరుమంటుంది. సూదిని దీపం మంటలో కాల్చి, "ఊఁ, ఇంకొకరు రాండి" అంటాడు. సూదికి అంటిన మైల నిప్పుతో పోతుంది. తన చేతికి అంటితే స్నానంతో గాని పోదు. రోజుకు ఎన్నిసార్లని చేస్తాడు పాపం!

మనిషి ఎండిన తుమ్మబరికెలా ఉంటాడు. మెడ సన్నం, గొంతుముడి పెద్దది. నోరు తెరవక ముందే అది కదులుతుంది. ముక్కుపుటాల కింద నశ్యం మరక. ఖాకీ కోటు మోచేతుల దగ్గర వెలిసి తెల్లబడింది. నుదుటి విభూతి రేకలు చెమటకు కరిగి కనుబొమల్లోకి దిగాయి. పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. సూది తిప్పేది కుడి చెయ్యి కదా అని ఊరుకున్నాడు.

కొద్ది నెలల్లో పింఛను. ఇంత సర్వీసులో ఆయన మీద ఒక్క మెమో లేదు, ఒక్క మెచ్చుకోలూ లేదు. ప్లేగు వచ్చి జనం ఊళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్న ఏడు, ఈయన గాలి వచ్చే వైపు నిలబడి, "అందరూ బాగుండారా?" అని దూరంనుంచే కేకేశాడు. "బాగుండాము సామీ" అని జవాబు వచ్చింది. బాగున్నారని రాసుకుని పోయాడు. జవాబు చెప్పేది బతికున్నవాళ్ళే కదా! చచ్చినవాడు గుడిసెలోంచి లేచివచ్చి నేను బాగలేనప్పా అంటాడా? ఆ మాత్రం ఆలోచన ఆయనకు అప్పుడూ రాలేదు, తరువాతా రాలేదు. అలాంటి మనుషులతోనే సర్కారు నడుస్తుంది.

అది యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. బాగేపల్లి తాలూకా గూళూరు హోబళిలో ఒక పల్లె. పేరెందుకు, ఆ చుట్టుపట్ల ఏ పల్లెకు పోయినా ఇదే తంతు. ఆనాటి పని టీకాలొక్కటే కాదు. జిల్లానుంచి సుత్తోలె, అదే సర్క్యులరు, వచ్చింది. ఆది కర్ణాటకులని సర్కారు పేరు పెట్టిన అంటరానివాళ్ళ గేరుల్లో పోయిన సంవత్సరం ఎందరు బిడ్డలు పుట్టారు, ఏడాది నిండకుండానే ఎందరు పోయారు, ఆ లెక్క విడిగా తేల్చి, పోయినవాళ్ళ పేర్లతో సహా పంపాలని ఆజ్ఞ. బాగేపల్లి, చింతామణి తాలూకాలు రెంటికీ కలిపి కాన్పులు చేసే నర్సమ్మ ఒక్కతే వస్తోంది. బిడ్డలు ఎక్కువగా పోతున్న చోట ఆమెను వేస్తారు. ఈ సంగతి గేరికి కూడా తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడక్కండి. ఆకలిగొన్నవాడికి పొయ్యి వాసన ముందు తగులుతుంది.

టీకాలు ముగించి గుండూరావు నేరుగా పటేలు ఆదినారాయణప్ప ఇంటి అరుగు చేరాడు. దారిలో బావి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. పటేలు ఇంటినుంచి ఇత్తడి లోటాలో పాలు, రెండు అరటిపళ్ళు వచ్చాయి. ఆ ఇంట నీళ్ళు తాగడు, పాలు తాగుతాడు. పాలలో పటేలు ఎన్ని నీళ్ళు కలుపుతాడో ఊరందరికీ తెలుసు.

"ఏం రావప్పా, ఇంత ఎండలో పుణ్యం మూట గట్టుకోను వచ్చినారా?" అన్నాడు ఆదినారాయణప్ప, బొజ్జ మీద తువ్వాలు ఆడిస్తూ.

"పుణ్యం కాదప్పా, లెక్క. గేరిలో పోయిన పిల్లోళ్ళ లెక్క అడుగుతాండారు."

"అదెంత సేపు! ఏయ్ పిళ్ళప్పా!"

పిళ్ళప్ప ఊరి తోటి. చావు వస్తే తమట కొడుతూ శవం ముందర నడిచేది అతనే. నెలాఖరుకు అరుగు కింద నిలబడి, తమట ఎన్నిసార్లు కొట్టాడో పటేలుకు ఒప్పజెప్పేదీ అతనే. పటేలు దాన్ని జనన మరణ పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ఇంటింటికీ పోయి అడిగే బాధ లేదు. మనిషి చచ్చాడా లేదా అన్నది తమట తోలు చెప్పాలి.

"పోయినేడు మీ గేరిలో తమట ఎన్ని తూర్లు మోగిందిరా?"

"పెద్దోళ్ళకు నాలుగు తూర్లప్పా."

"పిల్లోళ్ళకు?"

పిళ్ళప్ప తల గోక్కున్నాడు. "పిల్లోళ్ళకు తమటెందుకు కొడతామప్పా?"

"ఇంటిరి గదా! పిల్లోళ్ళు ఎవురూ సావలేదు. రాసుకోండి."

గుండూరావు సంచిలోంచి కాగితం తీశాడు. ఆయనకు తెలియని సంగతి కాదు. గేరిలో బిడ్డకు పన్ను మొలిచిందాకా పేరు పెట్టరు. పేరు పెడితే మృత్యువు ఆ పేరుతో పిలుచుకుపోతుందని భయం. పేరు లేని బిడ్డ పోతే తమట లేదు, పాడె లేదు, దినం లేదు. పొద్దు వాలాక ఆడవాళ్ళు చాటలో పడుకోబెట్టి, చీరకొంగు కప్పి, వంకగట్టున పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టి వచ్చేస్తారు. మృత్యువును మోసం చేయబోయి ఆ అమాయకులు మోసం చేసింది సర్కారును. సర్కారుకు అది ఎంత హాయో!

పటేలుకు ఇంకా హాయి. నర్సమ్మ వస్తే ఆమెకు ఇల్లు కట్టాలి. సర్కారు జాగా దారి పక్కన ఒక్కటే ఉంది. అందులో ఏటేటా ఆదినారాయణప్ప చెనక్కాయలు పండుతున్నాయి.

గుండూరావు కలం మూత తీశాడు. అప్పుడే అరుగు ముందరికి చెప్పులు కుట్టే గోవిందప్ప భార్య పుట్టమ్మ వచ్చి నిలబడింది. నిండు చూలాలు. ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో ఎండకు కళ్ళు కప్పుకుంది. చెంపలు పీక్కుపోయాయి, కడుపు మాత్రం కుండలా ముందుకొచ్చింది.

"సామీ, నాకు మూడు పోయినాయి. కడగొట్టుది పోయినేడే పాయ. రాసుకో."

"పేరేందమ్మా?"

"పేరు పెట్టకముందే పాయ గదా సామీ, ఏం పేరు చెప్పేది?"

"పేరు లేకపోతే ఎట్లా రాసేది? పేరు కావాలని అడుగుతాండారు."

"మొన్న ఎనుముల్ని లెక్క రాసుకోను వచ్చిన అయ్య వాటి పేర్లు అడిగినాడా? నల్లదా తెల్లదా అని కూడా అడగలే. కొమ్ములు సూసి రాసుకుండె. మా బిడ్డలకు కొమ్ములు ల్యాకపాయెనా సామీ?"

పిళ్ళప్ప నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. పటేలు కళ్ళెర్రజేశాడు.

"ఏయ్ పుట్టీ! దీని నోరు తమట కంటే పెద్దది. పో అవతలికి!"

ఆమె కదల్లేదు. "నర్సమ్మ వస్తే ఇదన్నా బతుకుతుంది సామీ. నేను అబద్ధం సెప్తాండానేమో వచ్చి సూడు. వంకగట్టున రాళ్ళుండాయి. నావి మూడు. నాగలి పట్టేవాళ్ళవి, కూలోళ్ళవి, అందురివీ ఉండాయి. పేర్లు లేకపోతే మానె, రాళ్ళన్నా లెక్కబెట్టుకో."

వంక అరుగు మీదికే కనిపిస్తోంది. గేరి దాటితే గట్టు. కానీ గేరి గుండా పోవాలి. ఇరుకు సందు. అటూ ఇటూ గుడిసెల చూరులు భుజాలకు తగులుతాయి. పోతే మళ్ళీ స్నానం. స్నానం చేస్తే బస్సు పోతుంది. పోయి చూసి రాస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని పైనుంచి తకరారు వస్తుంది. తకరారు వస్తే పింఛను కాగితం ఆగుతుంది. ఇంత దూరం ఆలోచించగలిగిన బుర్ర ఆయనది. నాలుగడుగులు వేయగలిగిన కాళ్ళు మాత్రం కావు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, ఎవరూ అడక్కుండానే. పేరేసంద్రలో తండ్రి ఉన్న కాలంలో తన భార్య కమలాక్షికి తొలి కాన్పు. ఆడబిడ్డ. పురుడు వెళ్ళకుండానే పోయింది. "నామకరణం కాని దానికి కర్మలేముంటాయిరా, స్నానం చేస్తే సరి" అన్నాడు తండ్రి. గుండూరావు స్నానం చేశాడు. కమలాక్షి మూలగదిలో గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఆ బిడ్డను ఏ పుస్తకంలోనూ రాయలేదు. పెరట్లో ఎక్కడ పూడ్చారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అంటే పుట్టమ్మ మాట ఆయనకు అర్థం కాక కాదు. అర్థమైంది. అర్థమైనా కూర్చున్నచోటునుంచి లేవలేదు. వాడికి తెలియదు పాపం అని మూర్ఖుణ్ణి వదిలేయవచ్చు. తెలిసి కూర్చున్నవాణ్ణి ఏమనాలి?

"మళ్ళీ వస్తానమ్మా. ఈసారి చూస్తాను" అని ఆయన కాగితం మీదికి వంగాడు.

గుండూరావు దస్తూరి బాగుంటుంది. చావుల గడిలో సున్నను ఎంతో పొందికగా, ఎక్కడా వంకర లేకుండా చుట్టాడు. సిరా ఆరేదాకా ఊదాడు. పటేలు కింద సంతకం గిలికాడు.

పుట్టమ్మకు చదువు రాదు గాని సున్న ఆకారం తెలుసు.

"సరేలే సామీ," అంది. "నాలుగోదానికి పుట్టకముందే పేరు పెడతా. అప్పుడు సస్తే రాసుకుందువు."

వెనక్కి తిరిగి, నడుముకు చెయ్యి ఆనించుకునే, మెల్లగా గేరివైపు పోయింది. ఆదినారాయణప్ప ఇంకో అరటిపండు తెప్పించాడు. గుండూరావు వద్దన్నాడు. ఆయన జీవితంలో అదొక్కటే పెద్ద తిరుగుబాటు.

సాయంత్రం బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. సీటు మీద తువ్వాలు పరిచాడు. గూళూరు దాటాక భుజం లాగడం మానింది. తల కిటికీకి ఆనింది. రాగి చేలమీదనుంచి వచ్చే దుమ్ము మొహాన పడుతున్నా తుడుచుకోలేదు. పక్కనున్న ముసలాయన నిద్రపోయాడనుకుని తన గంపను కాస్త అటు జరిపాడు. బాగేపల్లిలో కండక్టరు సుబ్బరాయప్ప, "రావప్పా, ఊరొచ్చింది, దిగు" అని భుజం తట్టాడు. చెయ్యి ఒడిలోంచి జారి కింద వేలాడింది.

ఆయన చావుకు తమట అక్కర్లేకపోయింది. చీకటి పడేలోపల పేరు, తండ్రి పేరు, కులం, వయసు, వృత్తి, కారణం అన్ని గడులూ నిండాయి. డాక్టరు స్వయంగా ఇంటికి వచ్చి చూసి గుండె అని రాశాడు. కమలాక్షి, "స్నానానికి నీళ్ళు కాచి పెట్టినాను" అంది.

కోటు జేబులోని ఆ సున్న కాగితాన్ని తాలూకా కచేరీ గుమాస్తా మురళీధర కళ్ళకద్దుకున్నాడు. "పోయేదాకా డ్యూటీ చేసినాడప్పా, పుణ్యాత్ముడు" అని మర్నాడే రిజిస్టరు పోస్టులో పంపించాడు. చింతామణి తాలూకాలో బట్లహళ్ళి వైపు ఎవరో గేరిలోకి నడిచిపోయి లెక్క తెచ్చారు. నర్సమ్మ అక్కడికి పోయింది. పోనీ, అక్కడి బిడ్డలన్నా బతికారు. పుట్టమ్మ కాన్పు ముసలి మంత్రసాని చేతిలోనే అయింది. అన్నమాట ప్రకారం బిడ్డకు ముందే పేరు పెట్టుకుందట. ఆ పేరేమిటో అడగడానికి ఎవరూ రాలేదు.

బస్సులోంచి ఆయన్ను దించేటప్పుడు ఒక కాలి చెప్పు సీటు కిందికి జారింది. ఎవరైనా అడుగుతారేమోనని సుబ్బరాయప్ప దాన్ని డ్రైవరు వెనక మేకుకు తగిలించాడు. పుట్టమ్మ మగడు గోవిందప్ప పోయిన సంతకు కొత్త అడుగు వేసి కుట్టిచ్చిన ఎడమకాలి చెప్పు అది. తోలు నానబెట్టిన తంగేడు చెక్క వాసన ఇంకా పోని ఆ చెప్పు, గూళూరు దారి గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా మేకున అటూ ఇటూ ఊగేది.